యూబీసీ ఫిజిక్స్ ఒలింపిక్స్: జేఈఈ పుస్తకాలు సరిపోతాయా, మూడు నెలల్లో ఏం చేయాలి?

మీ అమ్మాయి కెనడాలోని సర్రేలో గ్రేడ్ 11 చదువుతోంది, స్కూల్ జట్టులోకి ఈ ఏడాదే తీసుకున్నారు, ఇండియా నుంచి తెప్పించిన జేఈఈ లెక్కలు చేయిస్తున్నాం, అవి సరిపోతాయా, ఇంకేమైనా చేయించాలా అని అడిగారు. లెక్కల సాధన వృథా పోదండి, కానీ ఈ పోటీలో దానితో నెట్టుకొచ్చేది తక్కువ. ఇక్కడ మార్కులు మూడు పనులకు వస్తాయి: వస్తువు కట్టడం, కొలవడం, అంచనా వేయడం. జేఈఈ పుస్తకంలో ఘర్షణ గుణకం ఎంతో ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. ఇక్కడ ఆ ఘర్షణను మీ పిల్లే తగ్గించాలి, మీ పిల్లే కొలవాలి.

ముందుగా పోటీ స్వరూపం. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం (యూబీసీ) నలభై ఏళ్లకు పైగా దీన్ని నడుపుతోంది. భౌతికశాస్త్ర విభాగంతో పాటు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే ఎడ్యుకేషన్ ఫ్యాకల్టీ కూడా ఇందులో ఉంటుంది. మామూలుగా మార్చి మొదట్లో ఒక శనివారం జరుగుతుంది. రాష్ట్రం నలుమూలల నుంచి స్కూళ్లు జట్లుగా వస్తాయి, నమోదు టీచర్ ద్వారానే. అంశాలు ఆరు: ఇంటి దగ్గర లేదా బడిలో ముందే కట్టి తెచ్చేవి రెండు, అక్కడికక్కడే ఇచ్చే ల్యాబ్‌లు రెండు, క్విజిక్స్ అనే క్విజ్ ఒకటి, ఫెర్మీ ప్రశ్నలు (తెలిసిన కొద్ది సంఖ్యలతో ఒక పెద్ద సంఖ్యను అంచనా వేయడం) ఒకటి. కట్టి తెచ్చే వాటి నిబంధనలు కొన్ని నెలల ముందే ఇస్తారు, ఏటా పని మారుతుంది. ఒక్క పిల్ల అన్నీ చేయక్కర్లేదు కాబట్టి ఎవరు ఏ అంశమో మొదటి వారంలోనే టీచర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. అన్నిటిలోనూ అందరూ వేలు పెడితే అందరూ కట్టేవాటి చుట్టూనే తిరుగుతారు, ల్యాబ్‌ని ఎవరూ పట్టించుకోరు.

కట్టే వస్తువుతో మొదలుపెడదాం, ఎందుకంటే అది ఆలస్యమైతే దిద్దుకోలేం. నిబంధనల కాగితం చేతికి రాగానే సుత్తి పట్టుకోకుండా మార్కుల సూత్రాన్ని ఒక కాగితం మీద రాయించండి. దూరానికి మార్కులా, కచ్చితత్వానికా, బరువుతో భాగిస్తారా, ఎన్ని ప్రయత్నాలు ఇస్తారు, వాటిలో ఉత్తమమైనది లెక్కా లేక సగటా? ఉత్తమమైనది లెక్క అయితే కొంచెం తెగించొచ్చు. సగటు అయితే ప్రతిసారీ ఒకేలా పనిచేసే సాదాసీదా డిజైనే గెలుస్తుంది.

ఒక ఉదాహరణ మీద లెక్క చూద్దాం. 1 కేజీ బరువు 50 సెం.మీ. కిందికి దిగుతూ బండిని నడపాలి, ఆ బరువు బండి మీదే ఉండాలి, ఎక్కువ దూరం వెళ్లిన బండి గెలుస్తుంది అనుకోండి. చేతిలో ఉన్న శక్తి 4.9 జౌళ్లు. బండి సొంత బరువు 500 గ్రాములు, అంటే మొత్తం 1.5 కేజీ. దొర్లుడుకి అడ్డొచ్చే నిరోధం మొత్తం బరువులో 2 శాతం అయితే ఆ బలం సుమారు 0.29 న్యూటన్లు. 4.9ని దానితో భాగిస్తే 16.7 మీటర్లు వస్తుంది. ఇంతకన్నా దూరం ఏ మాయ చేసినా పోదు. ఇప్పుడు పిల్లలు సాధారణంగా చేసే పని, బండిని తేలిక చేయడం. ఎంతో కష్టపడి 200 గ్రాములు తగ్గించినా దూరం 19 మీటర్లకే పెరుగుతుంది. అదే నిరోధాన్ని 2 శాతం నుంచి 1 శాతానికి తెస్తే దూరం రెట్టింపై 33 మీటర్లు అవుతుంది. కాబట్టి బాల్సా చెక్క కోసం తిరిగే సమయం ఇరుసు మీద పెట్టాలి.

ఇరుసు దగ్గర పోయే నిరోధం, ఇరుసు వ్యాసార్థాన్ని చక్రం వ్యాసార్థంతో భాగించి ఘర్షణ గుణకంతో గుణిస్తే వస్తుంది. 12 సెం.మీ. సీడీ చక్రానికి 6 మి.మీ. ఇరుసు వేసి ప్లాస్టిక్ గొట్టంలో తిప్పితే (గుణకం 0.3 అనుకుంటే) అక్కడే 1.5 శాతం పోతుంది. 3 మి.మీ. స్టీలు కడ్డీ వేస్తే 0.75 శాతం. స్కేట్‌బోర్డులో వాడే 608 బేరింగులు కొని పెట్టిన జట్లు కూడా ఒక్కోసారి దెబ్బతింటాయి. వాటిలో నింపిన గ్రీజు ఇంత తేలికైన బండికి జిగురులా పట్టేస్తుంది. గ్రీజు కడిగేసి ఒక చుక్క పల్చటి నూనె వేయాలి.

తర్వాతి తప్పు దారం చుట్టే చోట. దూరం కోసమని దారాన్ని నేరుగా 3 మి.మీ. ఇరుసుకే చుడతారు. వ్యాసార్థాల నిష్పత్తి 40 కాబట్టి 50 సెం.మీ. దారానికి 20 మీటర్లు వెళ్తుందని కాగితం మీద లెక్క కుదురుతుంది. బండి మాత్రం కదలదు. 9.8 న్యూటన్లను 40తో భాగిస్తే నేల దగ్గర తోసే బలం 0.245 న్యూటన్లే, నిరోధం 0.29. ఇరుసు మీద టేపు చుట్టి 6 మి.మీ. చేస్తే నిష్పత్తి 20కి దిగుతుంది, తోపు 0.49 అవుతుంది. బండి 10 మీటర్లు బరువు లాగుడుతో, మిగతా ఆరేడు మీటర్లు వేగం మిగిలినంతవరకు దొర్లుతుంది. ఇంకా మెరుగు కావాలంటే చుట్టే భాగాన్ని శంకువులా చేయాలి. మొదట విప్పుకునే చోట లావుగా, చివర సన్నగా. కదలడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. దారం చివరను ఇరుసుకి ముడివేయకూడదు, చిన్న కొక్కేనికి ఉచ్చులా తగిలించాలి. ముడి ఉంటే విప్పుకోవడం అయిపోగానే దారం ఎదురు చుట్టుకుని బరువును పైకి లాగుతుంది, బండి బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది.

వంకర నడక గురించి. రెండు ఇరుసుల మధ్య దూరం 30 సెం.మీ. ఉన్న బండిలో అవి 1 డిగ్రీ తేడాగా ఉన్నా చాలు, బండి 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో తిరుగుతుంది. 10 మీటర్లు నడిచేసరికి దాదాపు 3 మీటర్లు పక్కకి పోయి గోడకో కుర్చీకో తగులుతుంది. 10 సెం.మీ. ఇరుసుకి 1 డిగ్రీ అంటే ఒక కొన 1.7 మి.మీ. జరగడమే. చేత్తో అతికించే పనిలో ఆ తేడా రాకుండా ఉండదు. అందుకే ముందు ఇరుసు ఒక కొనను చిన్న గాడిలో పెట్టి స్క్రూతో ముందుకూ వెనక్కూ జరిపే వీలుంచాలి. బండి పొడవుకి నిబంధన ఎంత అనుమతిస్తే అంత పొడవు చేయడం మంచిది, అదే తేడాకి వంకర తగ్గుతుంది.

పోటీకి మూడు వారాల ముందు కొత్త ఆలోచనలు ఆపేసి పరుగులు మొదలుపెట్టాలి. వరసగా 10 సార్లు నడిపి ప్రతి దూరం రాయాలి. నున్నటి జిమ్ నేల మీద ఒకసారి, టైల్స్ మీద ఒకసారి, పల్చటి కార్పెట్ మీద ఒకసారి. అక్కడి నేల మీ చేతిలో ఉండదు కాబట్టి దేనికి ఏ సర్దుబాటు అన్న పట్టిక పెట్టెలోనే ఉండాలి. వాంకూవర్ చలిలో కారు డిక్కీలో రాత్రంతా ఉంటే గ్లూ గన్‌తో అతికించినవి నున్నటి ప్లాస్టిక్ మీంచి చిట్లి ఊడతాయి, కాబట్టి బరువు మోసే కీళ్లకు ఎపాక్సీ వాడండి. రబ్బరు బ్యాండ్లు వాడే పని అయితే వాటిని సాగదీసి ఉంచి తీసుకెళ్లొద్దు, పట్టు తప్పుతాయి. అనుమతించిన కొలత 30 సెం.మీ. అయితే 29.5కే కట్టండి. కొలిచే పెట్టెలో పట్టక వెనక్కి వచ్చే బండ్లు ఏటా ఉంటాయి, చాలావరకు అది ఉబికిన జిగురు చుక్క వల్లే. ఇంకొక మాట, తండ్రులు ఇంజనీర్లయిన ఇళ్లలో ప్రత్యేకించి చెప్పాల్సింది: రంపం పిల్లల చేతుల్లోనే ఉండాలి. బండి మొరాయించినప్పుడు రెండు నిమిషాల్లో బాగుచేయగలిగేది కట్టినవాళ్లే.

ఇక ల్యాబ్. మన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. గదిలోకి వెళ్తే బల్ల మీద పరికరాలు, ఒక ప్రశ్నపత్రం, పరిమిత సమయం. ఏ పరికరాలు వస్తాయో ముందు తెలియదు, కానీ కావాల్సిన అలవాట్లు అవే. అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్‌లో కూడా 50 మార్కుల్లో 20 ప్రయోగానివి, కాబట్టి ఈ సాధన ఇక్కడితో ఆగిపోయేది కాదు.

లోలకం లాంటి పాత ప్రయోగంతోనే ఇంట్లో అభ్యాసం చేయించండి. దారం, ఒక నట్టు, ఫోను స్టాప్‌వాచ్ చాలు. పొడవు 50 సెం.మీ. ఉంటే ఒక డోలనానికి 1.42 సెకన్లు. చేత్తో ఆపడంలో 0.2 సెకన్ల తేడా వస్తుంది. ఒక్క డోలనాన్ని కొలిస్తే అది 14 శాతం తప్పు, 20 డోలనాలు కలిపి కొలిస్తే 0.7 శాతం. గురుత్వ త్వరణంలోకి వచ్చేసరికి అది రెట్టింపై 1.4 శాతం, ఎందుకంటే కాలం వర్గంగా వస్తుంది. ఇంకోవైపు పొడవులో అర సెంటీమీటరు తప్పితే 1 శాతం. ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇక డోలనాల సంఖ్య 100కి పెంచి లాభం లేదు, స్కేలు సరిగ్గా పెట్టడం మీద దృష్టి పెట్టాలి. ఏ కొలత తప్పు పెద్దదో ముందే చూసి సమయాన్ని దానికే ఇవ్వడం ల్యాబ్ మొత్తంలో ఎక్కువ మార్కులు తెచ్చే పని.

జవాబు 10.9 దగ్గర వచ్చిందంటే లెక్కించడం తప్పినట్టే. నట్టు కదలగానే 'ఒకటి' అని మొదలుపెడితే 20 అనేసరికి నిజంగా అయినవి 19, ఆ ఒక్కటి వల్ల జవాబు 11 శాతం పెరుగుతుంది. 'సున్నా' అని మొదలుపెట్టాలి. కొలత మొదలు, ముగింపు రెండూ అడుగు స్థానంలో, అంటే నట్టు అత్యంత వేగంగా దాటే చోట పెట్టాలి. కొసన అది దాదాపు ఆగి ఉంటుంది కాబట్టి ఏ క్షణమో కన్ను పట్టుకోలేదు. ఊపు కోణం 10 డిగ్రీల లోపే ఉంచితే సూత్రం తప్పు 0.2 శాతమే, 30 డిగ్రీలకి పోతే 1.7 శాతం.

ఒకే పొడవుతో ఐదుసార్లు చేయడం కన్నా ఐదు వేర్వేరు పొడవులతో చేసి, నిలువు అక్షం మీద కాలం వర్గం, అడ్డ అక్షం మీద పొడవు పెట్టి గ్రాఫ్ గీయడం చాలా మేలు. వాలు మీటరుకు 4.02 సెకను వర్గం దగ్గర రావాలి. పొడవును నట్టు మధ్య వరకు కాకుండా పైభాగం వరకే కొలిచారనుకోండి, గీత మొదలు బిందువు గుండా వెళ్లదు, కానీ వాలు చెడదు. గ్రాఫ్ వల్ల తప్పు కనిపిస్తుంది కూడా, జవాబును పాడుచేయదు కూడా. గీత కాగితంలో సగానికి పైగా ఆక్రమించాలి. వాలు లెక్కకు కొలిచిన బిందువులను కాదు, గీత మీది రెండు దూరపు బిందువులను తీసుకోవాలి. అక్షాలకు ప్రమాణాలు రాయడం మరిచిపోయి మార్కులు వదులుకునేవాళ్లే ఎక్కువ. జవాబును 9.7 ± 0.2 అని రాయాలి. క్యాలిక్యులేటర్ చూపింది కదా అని 9.7134 ± 0.2 అని రాస్తే, అనిశ్చితి అంటే ఏమిటో తెలియదని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టు.

విద్యుత్ పరికరాలు వస్తే మల్టీమీటర్ ముందు. కరెంటు కొలిచాక ఎర్ర తీగను ఆంపియర్ రంధ్రంలోనే వదిలేసి బ్యాటరీ వోల్టేజి చూడబోతే మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, ఫ్యూజు పోతుంది, మిగిలిన సమయమంతా 'మీటర్ పనిచేయట్లేదు' అంటూ గడుస్తుంది. కొలత మార్చిన ప్రతిసారీ తీగ వెనక్కి. కొన్ని ఓమ్‌ల లోపు నిరోధాన్ని కొలిచేటప్పుడు ముందు రెండు మొనలను ఒకదానికొకటి తాకించి చూడాలి, తీగలకే 0.2 నుంచి 0.5 ఓమ్ ఉంటుంది, దాన్ని తీసివేయాలి. బ్యాటరీ లోపలి నిరోధం అడిగితే నాలుగైదు లోడ్‌లతో వోల్టేజి, కరెంటు గ్రాఫ్ గీయాలి, వాలే జవాబు. ప్రతి కొలతకూ తాకించి, చదివి, వెంటనే విడదీయాలి, లేకపోతే బ్యాటరీ వేడెక్కి కొలుస్తుండగానే మారిపోతుంది. నాలుగు తీగలు బయటికి వచ్చిన మూసిన పెట్టె ఇచ్చి లోపల ఏముందో చెప్పమంటే, ఆరు జతల నిరోధాలూ రెండు దిశల్లోనూ కొలిచి పట్టిక వేయాలి. తిప్పి కొలిస్తే అంకె మారిన చోట డయోడ్ ఉండొచ్చు. అంకె మెల్లగా పాకుతూ పెరిగితే కెపాసిటర్.

కాంతిలో తరచూ పడే గోతి చిన్న కోణాల సూత్రం. సీడీ గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ దాని మీద పడితే మొదటి చుక్క 24 డిగ్రీల దగ్గర వస్తుంది. తెర 50 సెం.మీ. దూరంలో ఉంటే చుక్క 22.2 సెం.మీ. పక్కన పడుతుంది, చిన్న కోణం అనుకుని లెక్కేస్తే 20.3 వస్తుంది. తేడా 9 శాతం, పిల్లలేమో స్కేలును అనుమానిస్తారు. కోణాన్ని టాన్ విలోమంతో తీసి, తర్వాత సైన్ వాడాలి.

జట్టుగా పని పంచుకోవడం కూడా సాధన చేయాలి. ఒకరు కొలవడం, ఒకరు రాయడం, ఒకరు మొదటి రెండు కొలతలు రాగానే గ్రాఫ్ మొదలుపెట్టడం. అన్నీ కొలిచాక గ్రాఫ్ వేద్దాం అనుకుంటే తప్పిన బిందువును మళ్లీ కొలిచే సమయం ఉండదు. మొత్తం సమయంలో మూడో వంతు మిగిలి ఉండగానే కొలతలు ఆపేయాలి.

ఫెర్మీ ప్రశ్నలకు వస్తే, గంటకు ఎక్కువ ఫలితం ఇచ్చే సాధన ఇదే, ఖర్చు లేదు, రాత్రి భోజనాల దగ్గర కూడా చేయొచ్చు. జవాబు 10 ఘాతంగా చెప్పాలి. ఒకటి చేసి చూద్దాం: యూబీసీ ప్రాంగణం మీద ఏడాదిలో ఎన్ని వాన చినుకులు పడతాయి? ప్రాంగణం సుమారు 4 చదరపు కిలోమీటర్లు, వాన ఏడాదికి 1.2 మీటర్లు, నీరు 4.8 × 10⁶ ఘనపు మీటర్లు. చినుకు వ్యాసం 2 మి.మీ. అనుకుంటే ఒక్కోటి 4.2 × 10⁻⁹ ఘనపు మీటర్లు. చినుకులు 10¹⁵. అదే వ్యాసం 1 మి.మీ. అనుకుంటే 10¹⁶కి పోతుంది. వాన 1.2 మీటర్లా 1.5 మీటర్లా అని వాదించుకోవడం దండగ, ఘనంలోకి పోయేది వ్యాసం కాబట్టి ఆలోచన అంతా అక్కడే పెట్టాలి. ప్రతి ప్రశ్నలోనూ ఇలాంటి ఒక సంఖ్య ఉంటుంది, ముందు దాన్ని వెతకమనండి.

అసలు ఊహకందని సంఖ్య వస్తే, ఇంతకన్నా తక్కువ ఉండదు, ఇంతకన్నా ఎక్కువ ఉండదు అని రెండు హద్దులు పెట్టుకుని ఘాతాల సగటు తీసుకోవాలి. 10కి, 1000కి మధ్య 505 కాదు, 100. చివర గుండ్రం చేసేటప్పుడు కూడా ఘాతాల లెక్కలో హద్దు 3.16, 5 కాదు. అయితే కొన్ని పోటీలు 5 అనే పెడతాయి, ఆ ఏటి నిబంధన చదివి వెళ్లాలి.

బట్టీ పట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికి 3.15 × 10⁷ సెకన్లు, భూమి వ్యాసార్థం 6.4 × 10⁶ మీటర్లు, బరువు 6 × 10²⁴ కేజీలు, వాతావరణం 5 × 10¹⁸ కేజీలు, సముద్రాలు 1.3 × 10²¹ లీటర్లు, విశ్రాంతిగా ఉన్న మనిషి 100 వాట్లు, లీటరు పెట్రోలు 3.4 × 10⁷ జౌళ్లు, ఒక డబుల్ ఏ బ్యాటరీ 10⁴ జౌళ్లు, వెంట్రుక మందం 10⁻⁴ మీటర్లు, పరమాణువు 10⁻¹⁰ మీటర్లు. స్థానిక సంఖ్యలూ కావాలి: మెట్రో వాంకూవర్ జనం సుమారు 30 లక్షలు, బ్రిటిష్ కొలంబియా సుమారు 57 లక్షలు, కెనడా 4 కోట్లు, ఫ్రేజర్ నది సగటున సెకనుకు సుమారు 3,500 ఘనపు మీటర్లు. మన ఇళ్లలో పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంట్లో లక్షలు, కోట్లు, బడిలో మిలియన్లు. లక్ష 10⁵, కోటి 10⁷, మిలియన్ 10⁶ అని తడుముకోకుండా రావాలి. ఘనపు కిలోమీటరు అంటే 10⁹ ఘనపు మీటర్లు, వెయ్యి కాదు. వ్యాసాన్ని వ్యాసార్థంగా ఘనం చేస్తే జవాబు 8 రెట్లు, అంటే దాదాపు ఒక ఘాతం తప్పుతుంది. జట్టులో ఇద్దరు రెండు వేర్వేరు దారుల్లో లెక్కేసి చివర్లో పోల్చుకోవడం అలవాటు చేయండి, ఒకే కాగితం మీద అందరూ వంగితే ఒకరి తప్పే అందరి తప్పు అవుతుంది.

క్విజిక్స్‌కి ప్రత్యేకంగా పెద్ద సాధన అక్కర్లేదు. మీ జేఈఈ పుస్తకాల భావనలు పనికొచ్చేది ఇక్కడే. వాటికి తోడు విజ్ఞాన చరిత్ర, గత ఏడాది భౌతికశాస్త్ర వార్తలు, ఖగోళం చూసుకోవాలి. కెనడాతో ముడిపడిన నోబెల్‌లు తెలిసి ఉండాలి: 1994లో బ్రాక్‌హౌస్, 2009లో విల్లార్డ్ బాయిల్, 2015లో ఆర్థర్ మెక్‌డొనాల్డ్, 2018లో డోనా స్ట్రిక్‌ల్యాండ్, 2019లో విన్నిపెగ్‌లో పుట్టిన పీబుల్స్, 2024లో హింటన్. ఆ ప్రాంగణంలోనే ట్రయంఫ్ సైక్లోట్రాన్ ఉంది, అది రుణావేశ హైడ్రోజన్ అయాన్లను వేగవంతం చేసి 520 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల వరకు ప్రోటాన్లు ఇస్తుంది. అన్‌రూ ప్రభావానికి (త్వరణంతో కదిలేవాడికి ఖాళీ శూన్యం కూడా వెచ్చగా కనిపిస్తుందన్న సిద్ధాంతం) పేరైన విలియం అన్‌రూ పనిచేసిందీ యూబీసీలోనే.

ఆ రోజు సంచిలో: ఫోను కాని క్యాలిక్యులేటర్ రెండు, 30 సెం.మీ. పారదర్శక స్కేలు, కోణమానిని, మొన సన్నటి పెన్సిళ్లు, స్టాప్‌వాచ్. బండి పెట్టెలో విడి ఇరుసు, దారం చుట్ట, ఐదు నిమిషాల ఎపాక్సీ, టేపు, చిన్న స్క్రూడ్రైవర్, నిబంధనల కాగితం ప్రింటు. ఆ కాగితంలో జట్టుకు అనుకూలమైన వాక్యాల కింద గీతలు గీసి ఉంచమనండి, కొలత దగ్గర జడ్జితో సందేహం వస్తే వేలు పెట్టి చూపించొచ్చు. అంశాల వేళలు ఒకదానిమీద ఒకటి పడతాయి, కాబట్టి ఎవరు ఏ గదికి ఎన్నింటికి అన్న చీటీ ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. మధ్యాహ్నం డబ్బా ఇంటి నుంచే పంపించండి, క్యాంటీన్ వరసలో నిలబడే సమయం ఉండదు.

ఈ వారం మొదలుపెట్టాల్సింది ఒక్కటే: టీచర్ దగ్గర నుంచి నిబంధనల కాగితం తెచ్చి మార్కుల సూత్రం రాయించడం. లోలకం అభ్యాసానికి ఈ ఆదివారం సాయంత్రం ఒక గంట చాలు. గ్రాఫ్ వేశాక వాలు 3.9, 4.15 మధ్యలో రాకపోతే ఆ కొలతలు ఇక్కడ పెట్టండి, ఎక్కడ తప్పిందో చూసి చెప్తాను.